యుద్ధం సినిమాలో లేని నీళ్ళ లారీ

ఇవాళ గుడ్లవల్లేరు హాస్టల్లో దుప్పటి విప్పగానే కలరా ఉండల వాసన వచ్చింది. పెడనలో మా తాతయ్య మిలిటరీ ట్రంకుపెట్టె తెరిచినప్పుడు అచ్చం ఇదే వాసన.

మన చిన్నప్పుడు ఆగస్టు పదిహేను మధ్యాహ్నం ఏ ఛానల్ పెట్టినా యుద్ధం సినిమాయే వచ్చేది, గుర్తుందా? స్కూల్లో పంచిన చాక్లెట్లు చప్పరిస్తూ వీధి పిల్లలందరూ మా ఇంట్లోనే చూసేవారు. మా తాతయ్య యుద్ధంలో వందమందిని చంపారని నేను క్లాసంతా చాటాను మరి.

ఓ ఏడాది అలాగే చూస్తుండగా, సినిమాలో హీరో ఆపకుండా కాలుస్తుంటే తాతయ్య నవ్వేశారు. "ఆ తుపాకీలో అన్ని గుళ్ళు ఎక్కడివిరా?"

"మరి మీరెంతమందిని చంపారు తాతా?" అన్నాడు ఎదురింటి సుబ్బు.

"ఒక్కణ్ణీ లేదురా. కొండల మీదికి నీళ్ళ లారీ తోలేవాణ్ణి."

"ఒసేయ్, మీ తాత ఉత్త డ్రైవరేనే!" సుబ్బు పగలబడి నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అప్పుడే సినిమాలో గాయపడిన సైనికుడు దేశం గురించి పెద్ద డైలాగు మొదలుపెట్టాడు. తాతయ్య నవ్వలేదు.

"ప్రాణం పోయేవాడు అంతంత మాట్లాడలేడే అమ్మడూ. నా ఒళ్ళో పడుకున్నవాడు ఒక్క మాటే అన్నాడు. నీళ్ళు అని."

సుబ్బు లేచి టీవీ సౌండు తగ్గించాడు. "ఇచ్చారా తాతా?"

"లారీ నిండా నీళ్ళేగదరా. దోసిలితో పట్టాను. తాగాడు."

ఇప్పుడు నేను ఏ కథ రాయబోయినా, ఆ ఒక్క మాటంత నిజంగా రాయగలనా అనిపిస్తుంది.

మర్నాడు వీధిలో యుద్ధం ఆట. ఎప్పుడూ 'హీరో నేనే' అనే సుబ్బు, "ఇవాళ లారీ నేను తోల్తా" అన్నాడు.

"పోరా, అది మా తాతయ్య లారీ" అన్నాను.