‘ఇతరములు’లో పడేసిన కణాలు

ఆ రోజుల్లో, ఏ పరిశోధన పత్రమైనా పేరు చూస్తే చాలు, లోపల ఏముందో నాకు తెలిసిపోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. ఎమ్మెస్సీ కాగానే బరంపురం గేట్ బజార్‌లో ఓ బట్టల దుకాణం పైమేడ మీద ఉద్యోగం దొరికింది. బయటి నుంచి వచ్చిన కబురు కణం లోపల ఒక ప్రొటీన్ నుంచి ఇంకో ప్రొటీన్‌కి చేతులు మారుతూ పోయి, పెరగమనో చచ్చిపొమ్మనో కణానికి చెబుతుంది. ఆ కబురు నడిచే దారుల్లో ఏది ఏ పని చేస్తుందో పత్రాలు చదివి తేల్చి, డేటాబేసులో తగిన వర్గంలో చేర్చడం మా పని. (కింద చీరలు సర్దేవాళ్ళకి మాకన్నా శ్రద్ధ ఎక్కువని తర్వాత తెలిసింది.)

నా పక్క బల్ల మార్కండి అక్కది. సముద్రం మీద వేటకెళ్ళే ఇంటి పిల్ల. ప్రతి పత్రం చివరిదాకా చదివి రోజుకి ఆరు తేల్చేది. నేను నలభై. నా రహస్యం చిన్నది: పేరు చూసి తెలిస్తే సరే, తెలియకపోతే ‘ఇతరములు’ అనే వర్గంలో పడేయడం. మా పెద్దసారు నన్ను ‘మెరుపు’ అనేవారు. ఆ పిలుపుకి తగ్గట్టు నడక కూడా మార్చాను.

ఓ శనివారం సారు అక్క దగ్గర నిలబడ్డారు. “సూడమ్మా, ఆడు నలబై సేస్తన్నాడు, నువ్వు ఆరు. నెలాకరికి మానెయ్యమ్మా.” అక్క తల ఊపింది. భోజనాల వేళ తన కేరేజీలోని ఎండుచేపల కూర నా వైపు జరిపి, “తమ్ముడూ, నీలాగ బేగి సెయ్యడం నాకూ నేర్పవా?” అంది.

కూర తిన్నాక కాదనలేకపోయాను. చూపించాను. అక్క ‘ఇతరములు’ తెరిచి చాలాసేపు కిందికి జరుపుతూ పోయింది.

“కణం సచ్చిపోయే దారి కూడా ఇతరాలేనేటి?”

“తీరిక లేక అక్కా...”

“కేన్సరుకి మందు సేసేవోళ్ళు ఇందులోనే ఎతుకుతారు. దొరక్కపోతే లేదనుకుంటారు.” గొంతు పెంచలేదు. “సారుకి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?”

నేనే వెళ్ళాను. ఉద్యోగం పోయినా నిజమే చెబుతానన్న ముఖం పెట్టుకుని (మెట్ల దగ్గర అద్దంలో ఓసారి చూసుకుని మరీ) చెప్పాను. సారు తలుపు వేశారు. “ఎవులికీ అనకు. నిన్ను మెరుపని రాసిన నివేదిక పైకి ఎల్లిపోనాది.” నన్ను తీసేస్తే మెరుపు ఏమయ్యాడని పైవాళ్ళు అడుగుతారట. అందుకని నన్నూ ఉంచారు, నా చెత్త ఎత్తడానికి అక్కనీ ఉంచారు. ఆమె పక్కన కూర్చుని మొట్టమొదటి పత్రం పూర్తిగా చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒకే దారి ఒకచోట కణాన్ని పెంచి, మరోచోట చంపుతుందని అప్పుడే తెలిసింది.

ఈ మధ్య ఓ పరిశోధకుడు ఫోన్ చేశాడు. డేటాబేసులో అక్క సరిదిద్దిన వాటి కింద ఇప్పటికీ ‘చేర్చినవారు’ అని నా పేరే ఉంది. సరిదిద్దినవారి పేరుకి అక్కడ చోటే పెట్టలేదు. “మీ ఓపికకి దండం సార్” అన్నాడు. అది నాది కాదని, మా మార్కండి అక్కదని, మొత్తం కథ విప్పి చెప్పాను. అంతా విని, నా వినయానికి ఇంకో దండం పెట్టాడు.