ఐదో చార

నా చిన్నప్పుడు తార్నాకలో మేమున్న రెండు గదుల వాటాలో మనుషులం నలుగురం: మా నాన్న, మా అమ్మ, నేను, నాకన్నా ఐదేళ్లు చిన్నవాడైన మా తమ్ముడు. వస్తువుల్లో చెప్పుకోదగ్గవి మూడు: నాన్న సైకిలు, అమ్మ కిరసనాయిలు స్టవ్వు, నా బిస్కెట్ల డబ్బా. ఆ డబ్బాలో ఖాళీ పెన్సిలిన్ సీసాలు ఉండేవి. అరవైల దశకం చివరి సంవత్సరాలు అవి.

తమ్ముడికి జ్వరం వచ్చినప్పుడల్లా కాంపౌండర్ ఇంటికొచ్చి, సిరంజిని మా స్టవ్వు మీదే మరగబెట్టి, సూది వేసి, ఖాళీ సీసా నా చేతిలో పెట్టి వెళ్లేవాడు. నేను వాటిని గచ్చు మీద వరసగా పేర్చి, మౌలాలి వైపు పోయే గూడ్సు బండి అని ఆడుకునేవాణ్ణి. కొత్త సీసా వస్తే నా బండికి ఇంకో పెట్టె చేరిందని సంబరపడేవాణ్ణి.

పుట్టిన ఆరేడు నెలలు తమ్ముడు బొద్దుగా, నవ్వుతూ ఉన్నాడు. ఆ తర్వాత మొదలైంది. చెవిలో చీము. రొమ్ములో నెమ్ము. ఒంటి నిండా సెగ్గడ్డలు. మళ్లీ నెమ్ము. తగ్గినప్పుడల్లా అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసేది. వాటితోపాటు డాక్టరు రాసిన మందుల చీటీ కూడా వేసేది. చీటీ ఇంట్లో ఉంటే రోగం దాన్ని వెతుక్కుంటూ తిరిగొస్తుందని వాళ్లమ్మ ఆమెకు నేర్పింది. మౌలాలి గుట్ట మీది దర్గాలో కట్టించిన తాయెత్తును మాత్రం జాగ్రత్తగా ఉంచింది. చీటీలు మిగల్లేదు కాబట్టి ఏ డాక్టరూ వెనకటి చీటీ చూడలేదు. ఏ కొత్త డాక్టరుకైనా మా తమ్ముడిది ఆ ఒక్క జ్వరమే.

పక్కవాటాలో ఒక అక్క ఉండేది. కర్నూలు వైపు నుంచి వచ్చి యూనివర్సిటీ క్యాంపస్‌లో బయోకెమిస్ట్రీలో రీసెర్చ్ చేసేది. ఒక ఆదివారం తల ఆరబెట్టుకోవడానికి బయటికొచ్చి నా గూడ్సు బండిని చూసింది.

“ఏంరా, పెద్ద బండే నడుపుతున్నావే! ఎవరివిరా ఈ సీసాలన్నీ?”

“మా తమ్మునియి.”

“అన్నీ వానివేనా? ఎన్నున్నాయి?”

నేను నోరు తెరిచేలోగా లోపలి నుంచి అమ్మ కేకేసింది. “లెక్కపెట్టకురా! చెల్లె, గిట్ల అడుగుతరా ఎవరన్న? లెక్కపెడితే మళ్ల వస్తది.”

“లెక్కపెట్టకపోయినా వస్తానే ఉంది కదా వదినా.”

నేను మెల్లగా చెప్పాను: ముప్పై ఏడు.

అక్క తడి జుట్టుతోనే నా పక్కన కూర్చుంది. ఏ సీసా ఏ జబ్బుదో అడిగింది. నాకన్నీ గుర్తున్నాయి, ఎందుకంటే వాడికి జబ్బు చేసిన ప్రతిసారీ నాకు ఏదో ఒకటి తప్పిపోయేది. నుమాయిష్ ఎగ్జిబిషన్ చూడలేకపోయిన నెల నెమ్ము. పరీక్ష రాయలేకపోయిన రోజు చెవి. ఆమె నోట్‌బుక్ వెనక పేజీలో నెల, జబ్బు, సూదులు మూడు వరసలుగా రాసుకుంది. పేజీ నిండిపోయింది. తర్వాత అమ్మ దగ్గరికి వెళ్లి పుట్టింటి వాళ్ల గురించి అడిగింది. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది. “ఆడపిల్లలం ముగ్గురం మంచిగనే ఉన్నం. తమ్ముళ్లే ఇద్దరు దక్కలే. నడక నేర్చినంక పోయిన్రు.” అక్క చేతిలో పెన్ను ఆగిపోయింది.

మరుసటి వారం నాన్న మా ఇద్దరినీ సైకిలు మీద క్యాంపస్‌కు తీసుకెళ్లాడు. అక్క పిలిపించిన డాక్టరు ముందు తమ్ముడి రక్తం తీసి, తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. నేను గోల పెట్టాను. “నాకెందుకు సూది? నాకు జరం లేదు!”

“అందుకే నీది కావాల్రా,” అంది అక్క. “వానిది ఒక్కటే చూస్తే ఏం తెలుస్తుంది? బాగుండేది పక్కన పెడితేనే కదా, బాగలేనిది కనపడేది.”

రెండు రోజుల తర్వాత ఆమె మాకు రెండు కాగితపు పట్టీలు చూపించింది. రక్తపు తేటలోని ప్రొటీన్లను కరెంటుతో విడదీసి రంగు వేస్తే ఒక్కో రకం ఒక్కో చారగా కనిపిస్తుందట. నా పట్టీ మీద ఐదు నీలం చారలున్నాయి. తమ్ముడి పట్టీ మీద నాలుగే. ఐదోది ఉండాల్సిన చోట ఉత్త కాగితం. రోగాలతో పోట్లాడేవన్నీ ఆ చారలోనే ఉంటాయని, తల్లి కడుపులో ఉండగా వచ్చినవి కొన్ని నెలలే కాపాడతాయని ఆమె చెప్పింది. ఆ రోజు నుంచి నేను సీసాలతో ఆడలేదు.

అక్క, అమ్మ మమ్మల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డాక్టరు కూడా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాడు. టార్చి వేసి నా గొంతు చూశాడు, తర్వాత తమ్ముడిది. నా గొంతులో రెండు వైపులా ఉన్న టాన్సిల్స్ వాడి గొంతులో కనపడలేదు. ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకు వచ్చే లోపమని, రావడం రాకపోవడం సగం సగమని అన్నాడు. రాని సగంలో నేను పడ్డాను. ఇతరుల రక్తం నుంచి తీసిన మందు నెలనెలా ఇవ్వవచ్చు గాని అది దొరకడం కష్టం, ఊపిరితిత్తులు అప్పటికే పాడయ్యాయి. “రెండేళ్ల ముందు తెలిసుంటే...” అని ఆగాడు.

“చీటీలు కాల్చకపోతే తెలుస్తుండెనా, సారూ?” అని అడిగింది అమ్మ.

అక్కే అందుకుంది. “అట్లా కాదు వదినా. చీటీలుంటే మాత్రం? అన్నీ ఒక్కచోట పెట్టి చూసేవాళ్లు కూడా ఉండాల కదా.” అందులో నిజమెంతో ఓదార్పు ఎంతో నాకు ఆ వయసులో కూడా కొంత తెలిసింది.

ఆ మందు నాలుగుసార్లు దొరికింది. వానలు ముదిరాక తమ్ముడికి మళ్లీ నెమ్ము చేసింది. ఆ తర్వాత ఇంట్లో ముగ్గురమే మిగిలాం.

నేను ఇంజనీరునై, మొరాయించే యంత్రాల మధ్య ఉద్యోగమంతా గడిపాను. ఏ యంత్రం ఆగినా ముందు దాని వెనకటి జబ్బులన్నీ వరసగా రాయించేవాణ్ణి. తర్వాత బాగా నడిచే యంత్రం దగ్గరికి వెళ్లి రెండింటినీ పోల్చి చూసేవాణ్ణి. అది ఏ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు.

అమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టె అడుగున నా బిస్కెట్ల డబ్బా దొరికింది. ఎప్పుడో పారేశారనుకున్నాను. నేను ఆట మానేసిన తర్వాత వచ్చిన సీసాలను కూడా అమ్మ అందులోనే వేసింది. అమ్మకు అక్షరాలు రావు. లెక్కపెట్టొద్దన్న ఆమె, మూత లోపలి వైపు మేకుతో సీసాకొక గీత గీసి ఉంచింది. గీతలు, సీసాలు సరిపోయాయి.

యాభై రెండు.