కాలని పాదాలు

మా అమ్మ ఎడమ పాదం ఇప్పుడు సగమే ఉంది. వేళ్ళు లేవు. మడమ ఉంది, దాని ముందు కాస్త పాదం ఉంది. ఈ సంగతి రాయడానికి కూర్చుంటే ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఏడాదిగా రావడం లేదు కనుక ఇవాళ కొత్తగా వస్తుందని అనుకోవడం నా తెలివితక్కువతనం.

నేను బెంగాల్లో, ఖిదిర్‌పూర్‌ రేవు పేటలో ఒక చిన్న ల్యాబ్‌లో రక్తం తీసే పని చేస్తాను. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఇళ్ళకి వెళ్ళి, పరగడుపున ఉన్నవాళ్ళ చేతికి రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి సూది గుచ్చుతాను. పదహారేళ్ళుగా ఇదే పని. వాళ్ళలో ఎక్కువ మంది షుగరు పరీక్షకే. మా నాన్న ఓడల డాకులో కలాసీగా చేసి రిటైరయ్యాడు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఈ సందులో పడ్డాం. మా సందులో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, తెలుగు చదవగలిగే పిల్లలూ లేరు. అందుకే మా తెలుగు సంఘం వాళ్ళు ఆదివారాలు షుగరు క్యాంపు పెట్టినప్పుడల్లా, బెంగాలీ కాగితం చూసి తెలుగులో చెప్పే పని నాకు పడింది.

బాగానే చెప్పేదాన్ని. దాహం ఎక్కువైనా, రాత్రి మాటిమాటికీ లేవాల్సి వచ్చినా, పుండు త్వరగా మానకపోయినా వెంటనే పరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా ఉంటే, మీకు ఏమీ లేకపోయినా చేయించుకోండి. అన్నం కాస్త తగ్గించండి, నడవండి. కాగితంలో చివరి వాక్యం పాదాల గురించి. షుగరు ముదిరితే కాళ్ళకి స్పర్శ పోతుంది, వేడి తెలియదు, గుచ్చుకున్నా తెలియదు, కాబట్టి రోజూ అరికాళ్ళు చూసుకోండి. నేను అక్కడికి వచ్చేసరికి జనం బిస్కెట్ ప్యాకెట్ల కోసం లేచేవాళ్ళు. షుగరు క్యాంపులో క్రీము బిస్కెట్లేమిటని అడిగితే సంఘం పెద్దలు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మ ఎప్పుడూ ముందు వరసలో కూర్చునేది, నేను మైకులో మాట్లాడుతుంటే చూడటానికి. పరీక్ష మాత్రం చేయించుకునేది కాదు. ముందు ఊళ్ళోవాళ్ళవి కానీ, రక్తం తీసే మా గుంట ఇంట్లోనే ఉంది కదా, ఎప్పుడో ఒకప్పుడు తీస్తుందిలే అనేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ చెట్టుని నేనే. ఎప్పుడో ఒకప్పుడు తీద్దామని నేనూ అనుకున్నాను.

మా అమ్మవారి పండగ ఎండాకాలంలో వస్తుంది. ఆడవాళ్ళు పాదాలకి పసుపు రాసుకుని, గంగ ఒడ్డున ఘటాలు నింపుకుని, నెత్తిన పెట్టుకుని, చెప్పుల్లేకుండా మా సందులోని గుడి దాకా నడుస్తారు. మిట్టమధ్యాహ్నం, తారు రోడ్డు. దారి పొడుగునా జనం బిందెలతో నిలబడి వాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోస్తారు. మొక్కు మొక్కే, కాలడం కాలడమే. అందరూ ఎగిరెగిరి నడుస్తారు. మా అమ్మా చాలా ఏళ్ళు అలాగే ఎగిరింది. ఘటం తొణికి ముఖమంతా తడిసిపోయేది. ఇంటికొచ్చి కాళ్ళు బకెట్లో పెట్టుకుని, ఇంత ఎండలో పండగ పెట్టించుకున్నందుకు అమ్మవారినే తిట్టేది.

ఐదేళ్ళ కిందట పండగలో అమ్మ ఎగరలేదు. నీళ్ళ కోసం ఆగలేదు. ఇంట్లో గచ్చు మీద నడిచినట్టు నింపాదిగా నడిచింది. ఆ సంగతి మొదట చూసింది మా పక్కింటి కోడలు. అత్తకి కాలట్లేదు, అత్త మీదకి అమ్మవారు వచ్చిందని దారంతా చాటింది. మరుసటి ఏడాది మొదటి ఘటం అమ్మ చేతికే ఇచ్చారు. ఆమె పాదాలు కడిగిన పసుపు నీళ్ళు పిల్లల నెత్తిన చల్లుకున్నారు.

అప్పటిదాకా మా అమ్మని దేనికీ ఎవరూ ముందు పిలిచింది లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒకే గదిలో వండి, నాన్న డ్యూటీ వేళలకి వడ్డించి, కుళాయి దగ్గర వరసలో నిలబడి ముసలిదైంది. ఆ పండగ తర్వాత కుళాయి దగ్గర ఆమె బిందెని అందరూ ముందుకి జరిపేవాళ్ళు. అమ్మ గర్వపడింది. నేనూ గర్వపడ్డాను, దాచి లాభం లేదు. ఆమె నడుస్తుంటే ఫోనులో వీడియో తీసి ల్యాబ్‌లో అందరికీ చూపించాను.

ఆ రోజుల్లోనే ఒకసారి బజారు నుంచి ఒక కాలికే చెప్పుతో వచ్చింది. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆమెకి తెలియదు. నాన్న, నేను పడీ పడీ నవ్వాం. రాత్రుళ్ళు లేచి చెంబుడు నీళ్ళు తాగేది. ఈ ఊరి ఉక్కకి ఎవరు మాత్రం తాగరు అనుకున్నాను. మైకులో చెప్పే మాటలు మైకు దగ్గరే వదిలేసి ఇంటికొచ్చేదాన్ని.

నిరుడు పండగైన నాలుగో రోజు ఇంట్లో వాసన వేసింది. ఎండుచేపలు పాడయ్యాయేమోనని డబ్బాలన్నీ దించి చూశాను. అవి బాగానే ఉన్నాయి. గచ్చు మీద తడి అడుగులు కనిపించాయి, ఎడమ కాలివి మాత్రమే. అమ్మని మంచం మీద కూర్చోబెట్టి కాలు ఎత్తాను. అరికాలి నిండా పసుపు గట్టిగా పట్టేసి ఉంది. తడిగుడ్డతో తుడిస్తే కింద చితికిన బొబ్బలు, వాటి మధ్య సీసా పెంకు. నాలుగు రోజులు దాని మీదే నడిచింది. నేను పెంకు లాగుతుంటే అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

సంచీలోంచి మిషను తీసి ఆమె వేలికి గుచ్చాను. అంకె రాలేదు. కొలవలేనంత ఎక్కువైతే ఆ మిషను అంకె బదులు 'హై' అని చూపిస్తుంది. స్ట్రిప్ పాడైందేమోనని ఇంకోటి పెట్టాను. మళ్ళీ అదే వచ్చింది.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు అమ్మని కళ్ళు మూసుకోమని, నైలాను దారంతో పాదాన్ని అక్కడక్కడా తాకుతూ, తెలుస్తోందా మాషిమా, అంటే పిన్నిగారూ, అని బెంగాలీలో అడిగాడు. తెలుస్తోందంది. ఆయన దారం జేబులో పెట్టేసి మళ్ళీ అడిగాడు. అప్పుడూ తెలుస్తోందనే అంది. డాక్టరంతటివాడు అడుగుతుంటే లేదనడం మర్యాద కాదని ఆమె ఉద్దేశం. ఆయన నా వైపు తిరిగి మీరేం చేస్తుంటారని అడిగాడు. చెప్పాను. ఆయన తల వంచి కాగితం మీద రాసుకోసాగాడు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

ముందు రెండు వేళ్ళు తీస్తే చాలన్నారు. పది రోజుల తర్వాత సగం పాదం తీయాలన్నారు, లేదంటే మోకాలి దాకా పోతుందన్నారు. సంతకం నేనే పెట్టాను. ఆపరేషను జరుగుతుండగా గేటు బయట మట్టి కప్పులో టీ తాగాను. టీ బాగుంది. అలా బాగున్నందుకు సిగ్గేసింది, అయినా కప్పు ఖాళీ చేశాను.

కట్టు మార్చిన రోజు డాక్టరు, ఈ కాళ్ళ నరాలు నాలుగైదేళ్ళ కిందటే చచ్చిపోయి ఉంటాయని చెప్పాడు. మాట్లాడే బెంగాలీ అమ్మకి నాకన్నా బాగా వచ్చు. ఆయన పక్క మంచం దగ్గరకి వెళ్ళాక ఆమె నన్ను చెయ్యి పట్టి దగ్గరకి లాక్కుంది.

"అయితే, ఇన్నేళ్ళూ నా మీదకొచ్చింది అమ్మ కాదేటే?" అంది.

"తెలీదమ్మా," అన్నాను.

నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆమెకీ తెలుసు. గోడ వైపు తిరిగి పడుకుంది. పాదం తీసేస్తారని చెప్పినప్పుడు కూడా అలా తిరగలేదు.

ఇంటికి తెచ్చాక ఆడవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఏదో మైల తగిలింది, అమ్మవారికి కోపం వచ్చిందన్నారు. అమ్మ చీర అంచు పాదం మీదకి లాక్కుని, ఊఁ కొడుతూ కూర్చుంది. నేను ఇన్సులిన్ పొడిచి, అన్నం కొలిచి పెట్టి పనిలోకి వెళ్ళేదాన్ని. కుళాయి దగ్గర నాన్న వరస చివర నిలబడేవాడు. క్యాంపులో మీ అమ్మ సంగతి చెప్తే జనం బుద్ధి తెచ్చుకుంటారని సంఘం పెద్దలు అన్నారు. నేను అమ్మని అడగలేదు. కాగితంలో ఉన్నది చదివేసి దిగిపోయాను.

ఈ ఏడు పండగకి మా ఇంటి ఘటం నేనెత్తాను. అమ్మ తనని సందు మొదట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టమంది, పక్కన బకెట్టు, మగ్గు పెట్టమంది. రోడ్డు పెనంలా కాలింది. సిగ్గు విడిచి ఎగిరాను. సగం నీళ్ళు నా ముఖానే పడ్డాయి. అమ్మ నా కాళ్ళ మీద నీళ్ళు పోసి, కాలిందా అని అడిగింది. కాలిందన్నాను. మంచిది పో అంది. నేను ఘటం దించకుండా పక్క అరుగు నీడన ఆగి చూశాను. నా వెనకాల వచ్చే ప్రతి ఆడమనిషినీ అదే అడిగింది. అందరూ అబ్బా అత్తా, చచ్చాం అన్నారు. అప్పుడుగానీ ఎందుకు కూర్చుందో నాకు అర్థం కాలేదు.

అందరికన్నా వెనక పక్కింటి కోడలు వచ్చింది. నింపాదిగా నడుస్తోంది. జనం పక్కకి జరిగి దారి ఇస్తున్నారు, ఇద్దరు వంగి ఆమె పాదాలు తాకారు కూడా. అమ్మ మగ్గు ఎత్తి అడిగింది.

"కాల్లేదత్తా," అంది ఆ కోడలు, కళ్ళనిండా నీళ్ళతో. "నీ మీదున్న అమ్మ నా మీదకొచ్చింది."

అమ్మ మగ్గు కింద పెట్టింది. ఏడాది పాటు ఎవరికీ చూపించని పాదాన్ని, చీర అంచు పైకి లాగి, అంతమంది ముందు చాపింది.

"అమ్మ కాదే తల్లీ. నీ మీదా కాదు, నా మీదా కాదు. సుగరు," అంది. తర్వాత నన్ను పిలిచింది. "ఒలే, రేపు పొద్దున్నే దీనికి రక్తం తియ్యి."