కన్నకూతురికి తాలు బస్తాలు

కన్నకొడుకుని జైలుకు పంపిన తల్లి అని మా క్యాంపులో నన్ను వేలెత్తి చూపిస్తున్నారు. చూపించనీండి. పంపింది నేను కాదు, జడ్జీగారు. అడిగినదానికి ఉన్నమాట చెప్పడం వరకే నా పని. ఆ ఉన్నమాట ఎంత రోతగా ఉందో మాత్రం నాకు తెలుసు. ఎందుకంటే దాన్ని నా కళ్లంలోంచే బస్తాలకెత్తారు.

మాది కర్ణాటకలో పోతనాళ దగ్గర క్యాంపు. తుంగభద్ర కాలువ నీళ్లు వస్తాయని కోస్తా నుంచి వచ్చి, ముళ్లతుమ్మలు నరికి మడులు కట్టుకున్న వాళ్లం. మా వాళ్లకి ఒక అలవాటుంది. ఏది మాట్లాడినా బస్తాల్లోనే మాట్లాడతారు. కౌలు బస్తాల్లో, పాలేరు జీతం బస్తాల్లో, గుడికి రాసే చందా బస్తాల్లో. పిల్లనివ్వడానికి వచ్చినవాడు కూడా కుర్రాడి గుణం అడగడు, ఎకరానికి ఎన్ని బస్తాలు తూగిందని అడుగుతాడు. ఇన్నేళ్లు నేనూ అలాగే మాట్లాడాను, అందులో తప్పేమీ కనిపించలేదు. పిల్లని కూడా బస్తాల్లోకి దింపిన రోజున కనిపించింది.

మా అబ్బాయికి రాయచూరు టౌనులోనే పుట్టి పెరిగిన తెలుగువాళ్ల పిల్లని చేశాం. నేను కోడల్ని వెనకేసుకొచ్చే మనిషిని కాను. ఆ పిల్ల ఉల్లిపాయ పొట్టు తీస్తే రెండు పొరలు చెత్తలోకి పోయేవి. బియ్యం కడిగిన నీళ్లు పారబోసేది. ఎన్నిసార్లు తిట్టానో. అయినా వాకిట్లో అందరూ చూస్తుండగా, నా మనవరాలు చూస్తుండగా, మావాడు కోడల్ని చెంప మీద కొట్టిన రోజున నేనే వాడి చెయ్యి పట్టుకుని ఆపాను. అదీ మొదటిసారి కాదు. మర్నాడు పొద్దున్నే కూతుర్ని తీసుకుని రాయచూరులో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆపమని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ ఆపలేదు.

అప్పుడు మా పెద్దలు ఎరువుల గోడౌన్ రేకుల కింద కుర్చీలు వేసుకుని పంచాయితీ చేశారు. కోడలి తరపున వాళ్ల అన్న ఒక్కడే వచ్చాడు. టీలు తాగారు, గొంతులు సవరించుకున్నారు, పంటకు ఇన్ని బస్తాలు పిల్ల తిండికి పంపాలని తీర్పు చెప్పారు. పిల్లని కౌలుకి ఇచ్చినట్టు. ఆ అన్న పాపం, "ధాన్యంతోని ఇస్కూలు ఫీజు కడ్తమా సారూ?" అని అడిగాడు. మా పెద్దల్లో ఒకాయన నవ్వి, "అమ్ముకుని కట్టుకో బాబూ, ధాన్యం డబ్బు కాదేంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. మావాడు అందరికంటే గట్టిగా నవ్వాడు.

మొదటి పంటకి పంపాడు, మంచి సోనా. నేనే దగ్గరుండి కుట్టించాను. రెండో పంట కోతకొచ్చేసరికి అకాల వాన పడి కుప్పలు తడిశాయి. గింజ నల్లబడింది, కొన్నిటికి మొలక కూడా తన్నింది. మిల్లువాడు వచ్చి గుప్పెట్లోకి తీసుకుని చూసి, నేల మీద వదిలేసి, చెయ్యి పంచెకి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ ధాన్యాన్ని మావాడు బస్తాలకెత్తాడు. బస్తాలు నిండలేదని మిషను వెనక పడిన తాలుని పారతో ఎత్తి పైన పోశాడు. నేను వాకిట్లో నిలబడి, "ఒరే, అదెక్కడికి?" అన్నాను.

"దాని ఇంటికి. బస్తాలన్నారు, బస్తాలు పంపుతున్నాను. లోపల ఏముండాలో పెద్దలు చెప్పారా?" అన్నాడు.

వాడి పక్కన ఉన్న స్నేహితులు పడీపడీ నవ్వారు. తన పిల్ల తినే అన్నం మీద తండ్రి వేసిన జోకు అది. అరిచాను. అరిస్తే ఆగేవాడైతే ఇంతదాకా ఎందుకొస్తుంది? ట్రాలీ ఎక్కించి పంపేశాడు.

తర్వాత బీపీ మాత్రలకని రాయచూరు వెళ్లినప్పుడు కోడలి ఇంటికి వెళ్లాను. నన్ను చూసి కూర్చోమనలేదు. ఒక బస్తా మూతి విప్పి, చేట నిండా పోసి నా ముందు పెట్టింది.

"ఏంది అత్తమ్మా గిది? మర పట్టిద్దామని పోతే గిర్నీకాడ అందరు నవ్విండ్రు. బర్రెలకు పెట్టుకోమన్నరు. మీ ఇంట్ల బర్రెలు గిదే తింటయా?"

మా గేదెలు కూడా తినలేదు. ముందురోజే పెట్టి చూశాను, మూతి తిప్పుకున్నాయి. ఆ మాట దానికి చెప్పలేదు. మనవరాలు మూల కూర్చుని ఆ తాలు ఊదుతూ ఆడుకుంటోంది. ఎగిరిపోయేదే ఎక్కువ.

ఆ తర్వాతే కోడలు కోర్టుకెక్కింది. కోర్టు బస్తాలు ఒప్పుకోలేదు. నెలనెలా డబ్బు కట్టమంది. మావాడు కట్టలేదు. చేతిలో లేక కాదు. కొత్త బైకు కొన్నాడు. వినాయకుడి పందిరికి అందరికంటే పెద్ద చందా ఇచ్చి, మైకులో తన పేరు మూడుసార్లు చదివించుకున్నాడు. ఆ మైకు మోత వింటూ నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. దేవుడికి ఇచ్చేవాడు పిల్లకి ఎందుకివ్వడు? దేవుడికిస్తే మైకులో వస్తుంది. పిల్లకిస్తే ఎవరూ చదవరు.

చివరికి వారంటు వచ్చింది. పోలీసులు వచ్చి కేకేస్తే మావాడు బనీనుతోనే బయటికొచ్చాడు. రెండు రోజుల్లో కోర్టుకు వస్తానని బతిమాలుకుని, వాళ్లు వెళ్లాక నా మంచం దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు. చిన్నప్పుడు కూడా అలా కూర్చున్నవాడు కాదు.

"అమ్మా, నువ్వొక్క మాట చెబితే చాలు. ప్రతి పంటకీ ధాన్యం పంపామని చెప్పు. లాయరు ఆ ధాన్యం లెక్క బాకీలోంచి తీయిస్తానన్నాడు. పెద్దలు కూడా చెబుతామన్నారు."

"ఏ ధాన్యం రా?"

"ధాన్యమే. ఎలాంటిదని నిన్నెవరు అడుగుతారే?"

"అడిగితే?"

"అడిగినా నువ్వు నా తల్లివి కదా," అన్నాడు.

అంతకంటే రోత మాట నేను వినలేదు. వాడికి తల్లినని గుర్తు చేశాడు. తాను ఒకరికి తండ్రినని వాడికి గుర్తు రాలేదు.

కోర్టులో జడ్జీ చిన్నావిడ, నా కూతురు ఉంటే ఆ వయసు. ఫ్యాను కింద కాగితాలు ఎగిరిపోకుండా పట్టుకుని, "అజ్జీ, నిజ హేళి," అంది, అవ్వా, నిజం చెప్పమని. మావాడి లాయరు ముందే ఊదరగొట్టాడు, ఈ పెద్దావిడ కళ్లంలోంచే ధాన్యం వెళ్లిందని. వెనక బెంచీ మీద మా పెద్దలు ఇస్త్రీ పంచెలతో కూర్చున్నారు. నాకొచ్చిన కన్నడంలో, రానిచోట తెలుగు కలిపి చెప్పాను.

"పంపాడమ్మా. పంపలేదంటే అబద్ధం. మొదటిసారి పంపింది మంచిది. తర్వాత పంపింది మిల్లువాడు వద్దన్నది, దాని మీద తాలు. నా ఎదురుగానే ఎత్తాడు. నేను వద్దన్నాను, వినలేదు. మనుషులు తినే తిండి కాదది."

లాయరు నా వైపు, నేను అతని ఫీజు ఎగ్గొట్టినట్టు చూశాడు. జడ్జీగారు మావాణ్ని, ఇప్పుడైనా కడతావా అని అడిగింది. వాడు మెడలో గొలుసు చొక్కాలోకి తోసుకుంటూ, "నా దగ్గర ఏమీ లేదండీ. పొలం కూడా మా అమ్మ పేరునే ఉంది. నేను కూలివాణ్ని," అన్నాడు. పొలం నా పేరునే ఉన్న మాట నిజం. కొడుకు చేతిలో నిలవదని మా ఆయన పోయేముందు నా పేరున రాయించాడు. కూలివాణ్నన్నది మాత్రం పచ్చి అబద్ధం. పంట డబ్బంతా వాడి చేతిలోకే పోతుంది.

నెల రోజులు జైలు అన్నారు. ఈలోపు బాకీ కడితే ఎప్పుడైనా వదిలేస్తారట. బయట వరండాలో పోలీసు పక్కన నిలబడి, "తృప్తేనా అమ్మా?" అన్నాడు. హోటలు ఖర్చెందుకని నాకోసం కట్టుకొచ్చుకున్న పెరుగన్నం డబ్బా వాడికే ఇచ్చాను. ప్రేమనుకునేరు. నాకు తిన బుద్ధి కాలేదు, ఆ ఎండకి సాయంత్రానికి పులిసిపోయేది.

కోడలు మెట్ల మీద ఉంది. మొహంలో సంతోషం లేదు. నాకు దండం పెడుతుందని నేనూ అనుకోలేదు.

"నీ కొడుకు జైల్ల కూసుంటే నా బిడ్డకు ఏమొస్తది అత్తమ్మా? ఆడ సర్కారు అన్నం తింటడు. ఈడ ఇస్కూలోల్లు పీజు కట్టలేదని పిల్లను రేపటి సంది గేటు బయటనే నిలవెడ్తమన్నరు."

ఆ మాట ఇంటిదాకా నా వెంట వచ్చింది. వాడు లోపల ఉంటే డబ్బు రాదు. బయట ఉన్నా రాలేదు. జైలు వద్దనేవాళ్లు మొదటి మాటే చెబుతారు, రెండోది చెప్పరు.

మా పెద్దలు మర్నాడు నా వాకిట్లోకి వచ్చారు. "పెద్దమ్మా, నీ దగ్గర లేక కాదు. బాకీ కట్టేసెయ్, సాయంత్రానికి వాడు ఇంట్లో ఉంటాడు. మన క్యాంపు పరువు కోర్టులో పోయింది," అన్నారు.

"పరువు ట్రాలీలో పోయింది. అప్పుడు మీరెవరూ ఆపలేదు," అన్నాను.

పక్కింటావిడ ముక్కున వేలేసుకుంది. "ఏంటొదినా ఆ మొండితనం? జైలు కూడు తింటున్నాడు నీ కొడుకు!"

"ఆ కూట్లో తాలు ఉండదులే," అన్నాను.

నా దగ్గర డబ్బు ఉంది, దాచను. చీరలు కొనక, చీటీలు ఎగ్గొట్టించుకోక, గేదె పాలు అమ్మి కూడబెట్టింది. అది కట్టేస్తే ఈసారికి వాడు బయటికొస్తాడు. వచ్చేసారికీ నేనే కట్టాలి. నేను పోయాక? వాడి బదులు నేను కట్టడమంటే, కట్టనక్కర్లేదని వాడికి నేర్పడమే. అలాగని పిల్ల గేటు బయట నిలబడితే చూస్తూ ఊరుకోలేను. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు కాలువకి నీళ్లు వదులుతున్నారని చెప్పుకోవడం విని, పక్క ఊరి కన్నడ రైతుని పిలిపించాను. నిదానస్తుడు, మాట తప్పడు. మొత్తం పొలం కౌలుకి ఇస్తానన్నాను.

"ఎన్ని చీలాలు అమ్మా?" అని అడిగాడు. చీలమంటే వాళ్ల భాషలో బస్తా.

"చీలాలు వద్దు. డబ్బు. అదీ నాకు కాదు. నా మనవరాలి పేరున బ్యాంకులో వెయ్యి. సగం ఇప్పుడే."

వింతగా చూశాడు గానీ ఒప్పుకున్నాడు. ఈ ప్రాంతంలో డబ్బు కౌలు లేకపోలేదు, మా క్యాంపు వాళ్లకే అది నామోషీ. ఆ వారంలోనే ఫీజు కట్టారని కోడలి అన్న ఫోన్ చేశాడు.

నెల తిరిగాక మావాడు వచ్చాడు. పోతనాళ బస్టాండు నుంచి బైకుల మీద హారన్లు కొడుతూ తెచ్చారు. ఎవడో మెడలో బంతిపూల దండ కూడా వేశాడు. కన్నబిడ్డ నోటి కూడు ఎగ్గొట్టి జైలుకెళ్లొచ్చిన వాడికి దండ! నేను గడప దాటలేదు.

దండ గోడకి తగిలించి పీట మీద కూర్చున్నాడు. "అయిపోయిందమ్మా. లోపలికెళ్లొచ్చాను, బాకీ కొట్టేసినట్టే. ఇంక దానికి నేను పైసా ఇవ్వక్కర్లేదు," అన్నాడు.

"ఎవడు చెప్పాడు?"

"అందరూ అంటున్నారు."

"కోడలి లాయరు నాతో చెప్పాడురా. జైలుకెళ్లినా బాకీ పోదు. ఇంకా పెరుగుతూనే ఉంటుంది."

మాట మార్చి నారు సంగతి అడిగాడు. పొలం కౌలుకి ఇచ్చానని, డబ్బు ఎక్కడికి పోతుందో కూడా చెప్పాను. పీట తన్ని లేచాడు.

"నా పొలం ఎవడికో ఇవ్వడానికి నువ్వెవరే?"

"నీది కాదని జడ్జీగారికి నువ్వే చెప్పావు. నేను వెనకే ఉన్నాను, విన్నాను."

ఆ పూట అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. ఇప్పుడు ఎవరిదో ట్రాక్టరు తోలుతున్నాడు. కూలివాణ్నని కోర్టులో ఆడిన అబద్ధాన్ని ఇన్నాళ్లకి నిజం చేశాడు. కూలి డబ్బు వస్తోంది, కూతురికి మాత్రం ఇవ్వడం లేదు. తండ్రుల్ని జైల్లో పెట్టవచ్చా అని నన్నడిగితే, పెట్టండంటాను. జైలు వాణ్ని మంచివాణ్ని చేస్తుందని కాదు, చెయ్యలేదు. తండ్రి పిల్లకి అన్నం పెట్టకపోవడం మొగుడూ పెళ్లాల గొడవ కాదని, తప్పని, వాడి మొహం మీద ఎవరో ఒకరు చెప్పాలి. మా పెద్దలు చెప్పలేదు. టీలు తాగారు.

మొన్న రాయచూరు వెళ్లాను. కోడలు ఈసారి పీట వేసింది. మనవరాలు బడి బట్టల్లోనే ఉంది. కౌలు డబ్బు మాట నేను ఎత్తలేదు, కోడలే ఎత్తింది.

"గా పైసలు నీవి అత్తమ్మా. తీసుకున్న, పిల్ల కోసం కాదనలె. గని నాయన ఇచ్చిండని మాత్రం నా బిడ్డకు ఎన్నడు చెప్పకు. నీ కొడుకు బాకీ నీ కొడుకు మీదనే ఉన్నది. నేను మళ్ల కోర్టుకు పోత."

"పో."

నా మొహంలోకి చూసింది. "మళ్ల జైలు అంటరు. నీకు రంది ఐతది గద?"

అవుతుంది. ఎందుకు కాదు? తొమ్మిది నెలలు మోశాను. కానీ వాణ్ని చూస్తే ఈమధ్య నాకు బాధ కంటే ముందు రోత వస్తోంది. అదే నన్ను బతికిస్తోంది.

"వాయిదా ఎప్పుడో ముందే ఫోన్ చెయ్యి," అన్నాను. "ఆడవాళ్లకి బస్సు ఊరికే కదా, నేనూ వస్తాను."