అప్పకి వాక్యం చదవడానికి పొందూరు వెళ్ళాను

మా పల్లె విజయనగరానికి రెండు కోసుల దూరం. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు, రాయడం కొంచెం నయం. పొందూరులో అయినవాళ్ళుండి, వెళ్దాం వెళ్దాం అనుకుంటూ రోజులు దొర్లిస్తున్నవాళ్ళకి పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పొందూరులో మా అప్ప, అంటే అక్క, శాంతమ్మ ఉంది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆమెని బడికి పంపలేదు. చిన్నప్పుడు సాయంత్రం అన్నాలు తిన్నాక నేను బైబిలు తీసి వాక్యం చదివితే అమ్మా, అప్పా వినేవారు. ఏదో ఒక మాట దగ్గర అప్ప చెయ్యి అడ్డం పెట్టేది. "ఆగరా, ఆ ముక్క మల్లీ సదువు" అనేది. "ఇలగైతే పుస్తకం ఎప్పుడవుద్దే" అని నేను విసుక్కుని ముందుకు పోయేవాణ్ణి. తర్వాత ఆమెని పొందూరు ఇచ్చారు. పదకొండేళ్ళ కిందట బావ పోయాడు. అప్పట్నుంచి ఏటా కబురు పెడుతూనే ఉంది, మూడ్రోజులుండి వాక్యం చదివి వెళ్ళమని. నేను వెళ్ళలేదు. ఆ వీధిలో ఎవరైనా పుస్తకం తెరిస్తే చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి కూర్చుంటారని విన్నాను. పదిమంది ఎదురుగా నాకు గొంతు పెగలదు. ఒక ఏడు నాట్లు అన్నాను, ఒక ఏడు కోతలు అన్నాను, ఇంకో ఏడు ఎద్దుకి జబ్బు అన్నాను. ఎద్దు చచ్చిపోయాక కూడా రెండేళ్ళు దాని పేరే వాడుకున్నాను. ఇంట్లో మాత్రం ఒక్కణ్ణే కూర్చుని పుస్తకం మొత్తం ఏడాదికోసారి పూర్తి చేసి, చివరి అట్ట మీద ఒక గీత గీసేవాణ్ణి. ఇరవై రెండు గీతలయ్యాయి.

మొన్న మాఘంలో పొందూరు బట్టల మూటతో వచ్చినతను చెప్పాడు, "మీ అప్పకి ఒక సెవి పోనాది. రెండోది కూడా పోతన్నాది" అని. అతను ఆమెని చూసింది దసరాల్లోనట. ఆ సంగతి నా బుర్రకి ఎక్కలేదు. రెండో చెవి పోకముందే వెళ్ళాలనుకుని మర్నాడే బయల్దేరాను.

విజయనగరంలో బండి పొద్దున్న ఆరింటికి. మూడో తరగతి టికెట్టు తొమ్మిది అణాలు. యుద్ధం రోజులు కదా, పెట్టెల నిండా సిపాయిలే. చీపురుపల్లి దాకా నిలబడే ఉన్నాను. అక్కడ కొందరు దిగితే చోటు దొరికింది. కిటికీలోంచే అణాకి రెండు ఇడ్లీలు ఆకులో కట్టి ఇచ్చారు. తిని, పుస్తకం తెరిచి, అప్పకి చదవవలసిన అధ్యాయాన్ని పెదవులతోనే చదువుకున్నాను, గొంతు తడబడకుండా ఉండాలని. ఎదురుగా కూర్చున్న గంపలావిడ కాసేపు చూసింది.

"ఏటి తాతా, ఎవులితో మాట్లాడతన్నావు?"

సిగ్గేసి పుస్తకం తువ్వాల్లో చుట్టేశాను. ఆ ఒక్క అధ్యాయమైనా రెండోసారి చూసుకోలేదు.

ఎనిమిదిన్నరకి పొందూరులో దిగాను. స్టేషను నుంచి ఊళ్ళోకి ఒంటెద్దు బండికి రెండు అణాలు. బండివాడు వయసులో ఉన్నవాడు, నోరు ఊరుకోదు.

"ఎవులింటికి తాతా?"

"పత్తి దువ్వే శాంతమ్మని, మా అప్ప."

"ఆ నవ్వుల ముసిలమ్మా? మొన్న నా బండి ఎనకాల వస్తంటే ఎంత అరిసినా తప్పుకోనేదు. ఎద్దు కొమ్ము ఈపుకి తగిలితే అప్పుడు ఎనక్కి తిరిగి ఎద్దుని సూసి నవ్వింది. ఆయమ్మకి మేళం వాయించినా ఇనబడదు తాతా."

"ఒక సెవి ఉందన్నారు."

"దసరా ముచ్చట సెప్తన్నావు. కార్తీకంలోనే రెండోదీ పోనాది."

తువ్వాల్లో చుట్టిన పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారంతా బరువుగా అనిపించింది.

అప్ప అరుగు మీద కాళ్ళు చాపుకుని పత్తి దువ్వుతోంది. నన్ను చూసి లేవబోయింది, నేనే కూర్చోబెట్టాను. "ఒరే తమ్మూ, ముసిలోడివైపోనావేటిరా" అంది. ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదని అడగలేదు. తువ్వాలు వైపు చూసి, "తెచ్చినావా? సదువు" అంది.

చదివాను. నా బతుకులో అంత గట్టిగా ఎప్పుడూ చదవలేదు. నేను భయపడ్డట్టే వీధి కదిలి వచ్చింది, పదిమందికి పైనే. వాళ్ళెవరూ నాకు కనబడలేదు. మధ్యమధ్య అప్ప చెవులకేసే చూస్తూ అధ్యాయం చివరికంటా చదివాను. ఆమె నా నోటికేసి చూస్తూ కూర్చుంది. చివర్న నా చెంప మీద చెయ్యి వేసి, "నోరు మాత్రం బాగా ఆడతందిరా" అంది. అందరూ నవ్వారు. నేను పుస్తకం మూసేశాను.

అప్ప కోడలు మంచినీళ్ళు తెచ్చింది. "ఏటీ ఇనబడదు మావా. నాను కాపరానికి వచ్చినకాడ్నించీ ఇదే మాట, తమ్ముడొస్తాడు, సదువుతాడని" అంది. తప్పు పట్టి అన్నమాట కాదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

పొందూరు పత్తి పని చూడనివాళ్ళకి చెప్పాలి. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నటి పళ్ళతో చెత్త పోయి పోగు తిన్నగా వస్తుంది. ఒక్కో గింజనీ విడిగా పట్టుకుని దువ్వాలి. అప్ప నా చేతికి ఒక దవడ ఇచ్చింది. ఎలాగూ మాట లేదు, పనైనా చేద్దామని మొదలుపెట్టాను. నాలుగు గింజలు దువ్వేసరికి అప్ప నా చేతి మీద ఒక్కటి వేసింది. పోగులన్నీ తెంపేశాను.

"సదివినట్టే దువ్వతన్నావురా. గింజ అవనీ, తరవాత రెండోది తియ్యి."

కోడలు నవ్వాపుకుని చెప్పింది. వీధిలో ఎవరైనా తగువులాడుకుంటే వచ్చి అత్త పక్కన కూర్చుంటారట. అత్తకి వాళ్ళ గోడు వినబడదు. చేతిలో చేప దవడ పెడుతుంది. గంపలో కొంత పత్తి అయ్యేసరికి తగువు చల్లారి ఇళ్ళకి పోతారట. తన అంబలిలో సగం పక్కింటి బాలింతకి వెళ్తుందనీ, ఎంత చెప్పినా మానదనీ కూడా అంది.

నేను సైగ చేసి అడిగాను, వినకుండా ఎలా ఉంటున్నావని. అప్ప పని ఆపకుండానే చెప్పింది.

"నాకేటి లోటురా? నువ్వు సదివింది ఉన్నాది గదా. నా పెళ్ళికి ముందు రోజు అమ్మ ఏడుస్తంటే సదివినావు సూడు, అది. మల్లీ సదవమంటే సదవనేదు. పోతాదేమోనని ఆ రాత్రంతా నోట్లోనే ఉంచుకున్నాను. ఒక్కో గింజకి ఒక్కో మాట అనుకుంటాను. ఇప్పటికీ అవ్వనేదు."

ఆ వాక్యం మెల్లగా పైకి అంది. ఒక్క మాట పోలేదు. వినగానే గుర్తొచ్చింది, నేను ఇరవై రెండుసార్లు దాటిపోయిన వాక్యం. ఒక్కసారీ దాని దగ్గర ఆగలేదు. అదేమిటో ఇక్కడ రాయను. రాస్తే మీరూ చదివేసి ముందుకు పోతారు.

అప్పుడు నేను చేతులు జోడించి, "తప్పు నాదే అప్పా, పదకొండేళ్ళు రానేదు" అన్నాను. మూడుసార్లు అన్నాను. అప్ప కోడలికేసి చూసి, "ఏటంటన్నాడు?" అంది. కోడలు చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేసింది. అన్నానికీ, నీళ్ళకీ, పనికీ వాళ్ళ మధ్య సైగలున్నాయి. దీనికి లేదు. అప్ప నా చేతులు విడదీసి, "తమ్ముడివి, నాకు దణ్ణాలేటిరా. దేవుడికెట్టుకో. అంబలి తాగు" అంది. రాసి చూపిద్దామంటే ఆమెకి అక్షరం రాదు.

చోడి అంబలి తాగి, ఎండ తగ్గేదాకా పక్కన కూర్చుని దువ్వాను. ఇరవై గింజలు కూడా అవలేదు గానీ పోగులు తెగలేదు. వచ్చేటప్పుడు ఆ చేప దవడ నా తువ్వాల్లో పెట్టింది.

తిరుగు బండిలో కూర్చుని ఆలోచించాను. పుస్తకం నా దగ్గర ఉంది, సంతోషం ఆమె దగ్గర ఉంది. నేను పూర్తి చేశాననుకున్నాను, ఆమె ఇంకా మొదట్లోనే ఉంది. ఆ మొదట్లోనే ఆమెకి అంతా దొరికింది. ఇప్పుడు నేనూ రోజుకొక వాక్యం దగ్గర ఆగుతున్నాను. అట్ట మీద గీతలు మానేశాను. కానీ అప్పకి చెప్పవలసిన ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేకపోయాను, ఇంక చెప్పలేను.

పొందూరు వెళ్ళేవాళ్ళకి ఒక్క సంగతి. మధ్యాహ్నం బండికి దిగితే స్టేషను దగ్గర ఎద్దుబళ్ళు ఉండవు, ఎండలో నడవాలి. పొద్దుటి బండికే వెళ్ళండి.