రాక్షసుడి బావి దగ్గర ఓనరమ్మ

మా పాత ఓనరమ్మ పోయారు. మొన్న పొద్దున మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడవకుండా గడప బయటే నిలబడి ఆ మాట చెప్పాడు. విజయవాడలో తమ్ముడి ఇంట్లో ఉండగా పోయారట. కబురు మాదాకా వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి. మా ఆయన ఆ పూట పడుకోలేదు. నేను పొయ్యి దగ్గర కూర్చుండిపోయాను. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు వచ్చింది. ఆమెను తలచుకుంటే ఎప్పుడూ అదే ముందు వస్తుంది.

ఆమె జ్ఞాపకంగా తమ్ముడు ఒక చిన్న పుస్తకం వేస్తున్నాడు. నన్నూ రాయమన్నాడు. నేను ఏడో తరగతి దాకా చదివాను. ఆమెను ఎరగనివాళ్ళు కూడా చదువుతారంటున్నారు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

మాది జిన్నారం దగ్గర పల్లె. పెళ్ళయి పటాన్‌చెరు వచ్చాను. మా ఆయనది మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఓనరమ్మ ఇంటి వెనక వరుసగా కట్టిన రేకుల గదుల్లో ఒకటి మేం కిరాయికి తీసుకున్నాం. ఆమెది గుంటూరు వైపు. భర్త ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. వరుసలో మగవాళ్ళందరూ రాత్రి పనిచేసి పగలు పడుకునేవాళ్ళు. అందుకని గిన్నెలు చప్పుడు కాకుండా తోమడం, బిందె అడుగున గుడ్డ వేసి నీళ్ళు పట్టడం ఆడవాళ్ళం నేర్చుకున్నాం. నాకైతే అసలే మాట తక్కువ. కొత్తవాళ్ళ ముందు గొంతు లేచేది కాదు. మూగపిల్లను చేసుకున్నారా అని పక్క గదామె మాతో ఉండే మా అత్తమ్మను అడిగిందట.

ఒక ఆదివారం ఓనరమ్మ భర్త ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొంటూ ఒక అట్టపెట్టె కూడా తెచ్చాడు. అందులో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం, గళ్ళ కాగితాలు, ఎన్నో ముఖాలున్న రంగు పాచికలు ఉన్నాయి. ఆమె తమ్ముడు హాస్టల్లో ఆ ఆట ఆడేవాడు. సెలవులకు వచ్చి ఎలా ఆడాలో చెప్పి వెళ్ళాడు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు ఆ కథలో మనుషులవుతారు. గుహ ముందుకు వచ్చావు, ఏం చేస్తావు అని కథ నడిపేవాళ్ళు అడుగుతారు. నువ్వు అనుకున్నది జరుగుతుందో లేదో పాచిక చెబుతుంది. గెలుపూ ఓటమీ లేవు, కథ ముందుకు పోతుంది, అంతే.

పుస్తకంలో అందరూ బంగారం కోసం బయల్దేరతారట. మీరు దేనికోసం బయల్దేరతారని ఓనరమ్మ అడిగితే, వాసన రాని నీళ్ళ కోసం అంది పక్క గదామె. అప్పట్లో మా బోరు నీళ్ళు పచ్చగా వచ్చేవి. ట్యాంకరు వస్తే కొట్లాటే. అలా మాది మంచినీళ్ళ బావి వెతుక్కుంటూ పోయే నలుగురు ఆడవాళ్ళ కథ అయింది.

మధ్యాహ్నాలు నేను, పక్క గదామె, వరుసలోని మరో ఇద్దరు ఓనరమ్మ వసారాలో బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం, కథ ఆమె నడిపేవారు. గోడ అవతల మగవాళ్ళు పడుకుని ఉండేవాళ్ళు కాబట్టి ఆటంతా గుసగుసగానే సాగేది. పాచికలు తువ్వాలు మీద వేసేవాళ్ళం. సకినాల వంటి కరకరలాడే తిండిని ఓనరమ్మ బల్ల దగ్గరకు రానిచ్చేవారు కాదు. తడిపిన అటుకులే పెట్టేవారు. అందరూ గుసగుసలాడే చోట నా గొంతు చిన్నదని ఎవరికీ అనిపించలేదు. నా వంతు వచ్చినప్పుడు ఆమె నా వైపు తిరిగి, "నువ్వేం చేస్తావమ్మాయ్?" అనేవారు. నాకు తట్టేదాకా ఆగేవారు. ఎవరైనా మాట అందించబోతే, "ఆ పిల్ల కాళ్ళు ఆ పిల్లవి. ఎటు వేయాలో తనే చెబుతుంది" అనేవారు. నువ్వేం చేస్తావని అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు.

ఒకరోజు బావి దొరికింది. గట్టు మీద రాక్షసుడు పడుకుని ఉన్నాడన్నారు ఓనరమ్మ. పక్క గదామె కత్తి దూస్తానంది. ఇంకొకామె మంత్రం వేస్తానంది. నా వంతు వచ్చేసరికి, ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది.

"రాత్రి డ్యూటీ చేసొచ్చి పండుకున్నడేమో. సప్పుడు చెయ్యకుండ నీళ్ళు ముంచుకొని పోదాం. లేస్తే ఇగ పొద్దుమీకిందాక గొణుగుతనే ఉంటడు."

అందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఓనరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పాచిక వేస్తే పెద్ద అంకె పడింది. బిందెల్లో గుడ్డలు వేసి, రాక్షసుణ్ణి లేపకుండా నీళ్ళు తెచ్చుకున్నాం. ఆ పూట ఇంటికి రాణిలా వచ్చాను.

లోకల్ కేబుల్ నడిపే అతను ఒకసారి వైరు బాగుచేయడానికి వచ్చి, పాచికలూ గుసగుసలూ చూసి, ఆడవాళ్ళు కూడా జూదం షురూ చేశారా అన్నాడు. ఓనరమ్మ అతన్ని కూర్చోబెట్టి ఆడించారు. కాసేపట్లోనే కథలో ఊబిలో పడి చచ్చాడు. మళ్ళీ ఆడతానన్నాడు. అతని దగ్గర పెళ్ళిళ్ళు తీసే కెమెరా ఉంది. ఆదివారాలు చానెల్లో వేయడానికి పెళ్ళి క్యాసెట్లు తప్ప ఏమీ లేవు. దీన్ని సీరియల్‌గా తీద్దామన్నది అతనే.

ఆటను తెర మీదికి తేవడం అనుకున్నంత సులువు కాలేదు. బల్ల దగ్గర తర్వాత ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. తెరకు అన్నీ ముందే రాసుకోవాలి. రాక్షసుడు పడుకుని ఉంటే ఎవరు చూస్తారు, జెర ఫైటింగ్ పెట్టాలె అని కేబుల్ అతను పట్టుబట్టాడు. "బల్ల మీద పడ్డ పాచిక తెర మీద మారకూడదు" అన్నారు ఓనరమ్మ. మా ముఖాలు కనిపించకూడదని మేం అంటే వెనక నుంచే తీశారు. పోతిరెడ్డిపల్లి అవతల గుట్ట కింద పాత బావి దగ్గర తీశారు. అతని దగ్గర పనిచేసే లావుపాటి మనిషి రాక్షసుడయ్యాడు. మా గుసగుసలు మైకుకు అందలేదు. తర్వాత అతని షాపులో కూర్చుని, బొమ్మ చూస్తూ మా నలుగురి మాటలూ ఓనరమ్మే పలికారు.

ఆదివారం వరుసంతా ఓనరమ్మ టీవీ ముందు చేరింది. మగవాళ్ళూ వచ్చారు. బావి గట్టు మీద రాక్షసుడు గురక పెడుతున్నాడు. అతని తల దగ్గర టిఫిన్ డబ్బా, పైన కొమ్మకు ఫ్యాక్టరీవాళ్ళు వేసుకునే ఖాకీ చొక్కా. నవ్వు కోసం కేబుల్ అతను పెట్టాడట. ఆ బొమ్మ మీద నా మాట వినిపించింది. ఓనరమ్మ గొంతే కానీ యాస నాది. గొణుగుడుతో సహా ఒక్క ముక్క పోలేదు. జనం పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే మా ఆయన వైపు చూశాను. ఆయన నవ్వడం లేదు.

ఆ మాట నాదని వరుసలో అందరికీ తెలుసు, ఆ తర్వాత ఫ్యాక్టరీలో ఆయన పేరే మారిపోయింది. గేటు దగ్గర, క్యాంటీన్లో, ఏం రాక్షసా, నిద్ర సాలిందా అని అడిగేవాళ్ళట. రుద్రారం బస్సులో కుర్రాళ్ళు గురక పెట్టి చూపించారట. ఇవన్నీ పక్క గదామె చెబితేనే తెలిశాయి. ఆయన వచ్చి తిని గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒక్కసారి మాత్రం, అటు తిరిగే అడిగాడు.

"నేను గట్ల కనవడ్తున్ననా నీకు?"

మొగుణ్ణి ఊరంతా నవ్వులపాలు చేశానని, ఇక ఆ వసారా తొక్కొద్దని అత్తమ్మ అంది. నన్ను కొన్నాళ్ళు పుట్టింటికి పంపమని కూడా అంది. ఆయన వేరేచోట గది చూస్తున్నాడని తెలిసింది. నీళ్ళకు పోవాలన్నా తల ఎత్తలేకపోయేదాన్ని.

అప్పుడు ఓనరమ్మ మా గదికి వచ్చారు. చేతిలో తువ్వాలు, పాచికలు. మా ఆయన మంచం దిగబోతే వద్దన్నారు.

"తప్పు నాది బాబూ. మీ ఇంటి మాటని తీసుకెళ్ళి ఊళ్ళో పెట్టాను. ఖాళీ చేస్తానంటే ఆపను. పోయేముందు నాతో ఒక్కసారి ఆడి పో."

తనకు ఆటలేంటన్నాడు ఆయన. ఆమె వినిపించుకోకుండా మంచం మీద తువ్వాలు పరిచారు.

"నువ్వు రాక్షసుడివి. బావి గట్టున పడుకున్నావు. నలుగురు ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. ఏం చేస్తావు?"

నాకోసం ఎలా ఆగేవారో ఆయన కోసమూ అలాగే ఆగారు. అత్తమ్మ గుమ్మంలో నిలబడింది. నేను వాళ్ళకు వీపు పెట్టి పొయ్యి ముందు కూర్చున్నాను.

"నేను నిద్రపోలే" అన్నాడు ఆయన. "ఈ రేకుల కింద పగటిపూట ఎవలకు నిద్రవడ్తదమ్మా? కండ్లు మూసుకొని పండుకుంట. అవుతల ఆళ్ళు గుసగుస నవ్వుకుంటుంటరు. నేను లేస్తే ఆట బంద్ వెట్టి ఉరికొస్తరు. అందుకే లేవ. నీళ్ళు తీస్కపోనీ."

ఓనరమ్మ పాచిక వేయమనలేదు. ఆయనే మళ్ళీ, నాకు వినబడేటట్టు అన్నాడు. "గా మాట టీవీల రాకముందే విన్న. గోడ అవుతల అన్ననాడు నాకూ నవ్వొచ్చింది. ఊరు నవ్వినప్పుడు రాలే."

ఊరి ముందు పడ్డ సిగ్గు ఒక రకం. ఇది అది కాదు. ఇన్ని మధ్యాహ్నాలు నేను గిన్నె చప్పుడు కాకుండా కాపాడిన నిద్ర అసలు లేనే లేదు. ఆయనే కదలకుండా పడుకుని నా నవ్వును కాపాడాడు. నేనేమో ఆయన్ను రాక్షసుణ్ణి చేశాను. సిగ్గుపడొద్దని ఓనరమ్మ నాతో అనలేదు. అప్పుడే కాదు, తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. పోతూ పోతూ నా తల మీద చేయి పెట్టి వెళ్ళారు. అందుకే ఆమె అంటే నాకు ఇంత గౌరవం.

ఆమె కేబుల్ అతన్ని పిలిపించి ఆ ఘట్టం మళ్ళీ తీయాలన్నారు. పడ్డ పాచిక మారకూడదన్నారు కదమ్మా అన్నాడు అతను. "పాచిక మారలేదయ్యా. మనం రాక్షసుణ్ణి అడగడం మర్చిపోయాం" అన్నారు. ఈసారి రాక్షసుడు మా ఆయనే. ఒప్పుకోవడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది.

ఆయన వీక్లీ ఆఫ్ నాడు సాయంత్రం గుట్ట కిందికి పోయాం. డబ్బా, చొక్కా తీయించేశారు. ఆయన మసి మీసంతో గట్టు మీద పడుకున్నాడు. మేం నలుగురం నీళ్ళ బిందెలతో ఆయన్ను దాటి పోవాలి. దాటాక ఆయన ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకోవాలి. చూడ్డానికి వచ్చిన ఫ్యాక్టరీవాళ్ళు వెనక నుంచి గురకలు పెడుతున్నారు. కెమెరా పక్కన స్టూలు మీద కూర్చున్న ఓనరమ్మ చేయి పైకెత్తారు. గురకలు ఆగాయి. చేయి దించినప్పుడు కెమెరా ఆపాలని ఆమెకూ కేబుల్ అతనికీ ఒప్పందం.

అందరికంటే వెనక నేను దాటాను. తిరిగి చూడొద్దని చెప్పారు. చూశాను. ఆయన కన్ను తెరిచి నన్నే చూస్తున్నాడు. నా తల దానంతటదే వంగింది. నీళ్ళు తొణికి పాదాల మీద పడ్డాయి. ఆయన కన్ను మూయలేదు. ఆపాలా అన్నట్టు కేబుల్ అతను ఓనరమ్మ వైపు చూశాడు. ఎండ గుట్ట మీద నుంచి జారిపోతోంది. ఆమె గాజులు మోచేతి దాకా జారాయి. అయినా ఆమె ఎత్తిన చేయి దించలేదు.