ఎబో గారి నాదస్వరం

సిడ్నీలో మా టూంగాబీ పేట తెలుగువాళ్లలో మైకు పట్టుకున్న మనిషి తనంతట తాను వదిలిన దాఖలా లేదు. అందుకే దేవుడు జాలిపడి మాకు ఎబో క్వాన్సా గారిని పంపించాడు.

ఆయనది ఘానా దేశం. సిడ్నీ వచ్చిన కొత్తలో బ్రెడ్ వేన్ నడిపేవారు. వారాంతాల్లో అదే వేన్‌లో రెండు స్పీకర్లు పడేసుకుని తమవాళ్ల వేడుకలకు తిరిగేవారు. మేం మొదటిసారి ఉగాది చేసుకున్న రోజు మా అద్దె మైకు సరిగ్గా పంచాంగ శ్రవణం దగ్గర మూగబోయింది. పక్క హాల్లో ఎవరిదో బారసాలకి పాటలు పెడుతున్న ఎబో గారు, మా తెలుగు సంఘం ప్రెసిడెంట్ కనకరాజు గారు శబ్దం లేకుండా నోరు కదపడం కిటికీలోంచి చూశారు. ఆ కిటికీలోంచే ఒక వైరు విసిరి, "ట్రై దిస్, బ్రదర్!" అన్నారు. ఆ వైరు వెంట ఆయన కూడా మా మధ్యకి వచ్చేశారు.

ఇప్పుడు స్కోఫీల్డ్స్‌లో గోడౌను, మూడు వేన్లు, స్టేజీ లైట్లు ఆయన సొంతం. ఫిజీవాళ్ల పెళ్లిళ్లు, సూడాన్ కుర్రాళ్ల పాటకచేరీలు, మా ఓణీల ఫంక్షన్లు అన్నీ ఆయనవే. చావు జరిగిన ఇంట్లో సంతాపసభ అంటే డబ్బు మాట ఎత్తనివ్వరు. యూనివర్సిటీలో చేరి పని దొరక్క బిక్కమొహం వేసిన పిల్లలకి, ఏ దేశంవాళ్లయినా సరే, శనివారం ఆయన గోడౌన్లో పనీ జీతమూ వేడివేడి అన్నమూ దొరుకుతాయి.

తెలుగు కూడా వృత్తికి సరిపడా నేర్చుకున్నారు: "వినపడుతోందా?" "అయిపోయిందా?" "ఇంకా ఉందా?" మిగతాదంతా ఇంగ్లీషే, ఇక్కడ ఆయన మాటల్ని తెలుగు చేసింది నేనే.

అన్నిటికన్నా ఆయన గొప్పతనం నాదస్వరం. ఉపన్యాసం శ్రుతి మించిందంటే, సౌండ్ మిక్సర్ మీద ఒక మీటని మెల్లగా పైకి జరుపుతారు. ఎక్కడో దూరంగా నాదస్వరం మొదలై, దగ్గరై, హాలంతా నిండుతుంది. కనకరాజు గారైతే అది తన గౌరవార్థమే అనుకుని, "ఆయ్, నాకెందుకండీ ఇంత మర్యాద!" అని చేతులు జోడించి దిగిపోతారు. ఈ రహస్యం ఆయనకి తప్ప ఊరందరికీ తెలుసు.

వచ్చే నెల ఎబో గారు వ్యాపారం కూతురికి అప్పగించి ఘానా వెళ్లిపోతున్నారు. మాతో ఆయనకిదే ఆఖరి ప్రోగ్రాం. ఇంతమంది శాలువాల మీద లైటు వేసిన మనిషి ఒక్కసారైనా ఆ లైటు కింద నిలబడకుండా వెళ్లిపోతే నాకు అన్నం సహించదు. అందుకని కల్చరల్ సెక్రటరీ హోదాలో నేను పట్టుబట్టి సన్మానం పెట్టించాను. చెప్పకుండా చేద్దామన్నారు కమిటీవాళ్లు. సరే అన్నాను. ఆయన్నే సౌండ్‌కి పిలిచాం. పెళ్లికొడుకు చేతే పెళ్లి వంట చేయించినట్టుందని నాకు అప్పుడు తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం. అయిదింటికి హాలు ఖాళీ చేయాలి, తర్వాత ఎవరిదో బర్త్‌డే పార్టీ. కనకరాజు గారు శాలువా చేత పట్టుకుని మైకు ముందుకొచ్చారు. "ఒక మహానుభావుడి గురించి చెబుతానండీ," అని మొదలుపెట్టి, ఆ మహానుభావుడి పేరు చెప్పకుండా తన రాజమండ్రి చదువు దగ్గర్నుంచి ఎత్తుకున్నారు. తెలుగులో తన పొగడ్తే రాబోతోందని పాపం ఎబో గారికేం తెలుసు? టైము చూసుకున్నారు. అలవాటుగా మీట జరిపారు.

నాదస్వరం వచ్చేసింది. కనకరాజు గారు పులకించిపోయి, చేతులు జోడించి, శాలువాతో సహా దిగిపోయారు!

బర్త్‌డేవాళ్లు బెలూన్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేశారు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని మిక్సర్ దగ్గరికి పరుగెత్తాను.

"లెండి! ఆ శాలువా మీకేనండీ!"

"సిస్టర్, సౌండ్ ఎవరు చూస్తారు?"

"నేను చూస్తా. ముందు మీరు స్టేజీ ఎక్కండి!"

కనకరాజు గారిని వెనక్కి తోశారు, ఎబో గారిని ముందుకి తోశారు. శాలువా కప్పారు. బర్త్‌డేవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఎబో గారు మైకు పట్టుకుని, "వినపడుతోందా?" అన్నారు. హాలు ఈలలతో ఊగిపోయింది. ఇక చూడండి! బ్రెడ్ వేన్, వైరు, కిటికీ, వాళ్లమ్మ, మా ఉగాది పచ్చడి... ఆగితేనా! గుమ్మంలో కేకు కరుగుతోంది. గత్యంతరం లేక నేను మీటని ఒక్క తోపు తోశాను. నాదస్వరం పిడుగులా పడింది.

"నో, నో! నెమ్మదిగా, సిస్టర్!" స్టేజీ మీంచే అరిచారు ఎబో గారు. "మనిషి తనకే మర్యాద అనుకోవాలి! కనకరాజు బ్రదర్‌కి ఎవ్రీ టైమ్ అలాగే కదా ప్లే చేస్తా!"

నేను గబుక్కున మీటని కిందికి లాగాను.

"అంటే... ఇన్నేళ్లూ?" అన్నారు కనకరాజు గారు.

నేను మిక్సర్ కింద దూరిపోదామనుకున్నాను. కనకరాజు గారి పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతూ ఎబో గారిని వాటేసుకున్నారు.

"ప్రసూనమ్మ గారూ, ఆపకండీ! పెంచండి! ఈయనకి మటుకు నిజంగా మర్యాదకేనండీ!"

మీటని చివరిదాకా తోసేశాను. ఎబో గారు కళ్లు తుడుచుకుని, అచ్చం కనకరాజు గారిలాగే చేతులు జోడించి తల వంచారు. ఆ రెండు చేతుల మధ్య మైకు మాత్రం వదల్లేదు.